బంగాళాదుంప మాస్టారు

ఆ ఏడు మా ఊళ్ళో దొరికిన తొలి గుడ్డు ఒక బంగాళాదుంప. కనిపెట్టినవాణ్ణి నేను.

మార్చి వచ్చిందంటే మా ఫ్రీస్‌లాండ్‌లో మర్యాదస్తులైన మగాళ్ళంతా, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో సహా, పచ్చికబయళ్ళ మీద పడి తీతువు గుడ్డు కోసం వెతుకుతారు. పూర్వం దొరికిన గుడ్డు పట్టుకెళ్ళి గవర్నరు చేతిలో పెట్టేవాళ్ళం. ఇప్పుడు ముట్టుకోకూడదు. చూడాలి, ఫోను చెయ్యాలి, పక్షుల సంఘం వాళ్ళు వచ్చి చూసి తలూపాలి. ఆ తలూపుడు కోసమే మనుషులు వడగళ్ళలో తెల్లారి ఆరింటికి బురద తొక్కుతారు. అందరికంటే ముందు చూసినవాడి పేరు మా ఊరి కాఫీ హోటల్లో గోడకున్న పలక మీద ఎక్కుతుంది. ఒక పంచదార రొట్టె కూడా ఇస్తారు. 1987 పక్కన నా పేరుంది. నిజానికి ఆ గుడ్డును చూసింది నా భార్య ఇమ్క్య. "పేరు నువ్వు రాయించుకో, రొట్టె నాకివ్వు" అంది. ఇద్దరిలో తెలివైనది ఎవరో అప్పుడే తెలిసిపోయింది.

ఈసారి మార్చి పన్నెండున, బౌక్య వాళ్ళ పొలంలో, గిట్ట ముద్రంత గుంటలో గోధుమ రంగుది, మచ్చలున్నది, ఒక కొన సన్నగా ఉన్నది కనబడింది. వొబ్బెకి ఫోను చేశాను. వొబ్బె సంఘానికి అధ్యక్షుడు, ముప్ఫయ్యేళ్ళు పాల ట్యాంకరు తోలినవాడు, బడిలో నా పక్కన కూర్చుని నా లెక్కలు కాపీ కొట్టినవాడు. అరగంటలో ఇద్దరు సభ్యుల్ని, పత్రికకి ఫోటోలు తీసే అమ్మాయిని వెంటేసుకుని వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, టోపీ తీసి, చాలాసేపు చూశాడు.

"గోసే," అని నన్ను పిలిచాడు చివరికి, నెమ్మదిగా. "దీనికి మొలకొచ్చిందిరా."

నిరుటి దుంప. ఎరువుతో కలిసి వచ్చి పడింది. మంచుకి మచ్చలు పడ్డాయి.

మర్నాడు పొద్దున మా తలుపు గొళ్ళేనికి రెండు కిలోల బంగాళాదుంపల సంచీ వేలాడుతోంది. రొట్టెల కొట్లో, పొదగడానికి పెట్టావా, వేపుడు చేశావా అని అడిగారు. పిల్లలు సైకిళ్ళ మీంచి "బంగాళాదుంప మాస్టారూ" అని పిలిచి వెళ్ళారు. నాకు కోపం రాలేదు. మా ఊళ్ళో వెక్కిరింపులు ఆగినప్పుడే భయపడాలి. నాలుగేళ్ళ కిందట ఇమ్క్య పోయాక మూడు నెలలు నన్ను ఎవరూ వెక్కిరించలేదు. ఆ మూడు నెలలే బతకడం కష్టమైంది.

కాని దుంపని గుడ్డనుకోవడానికి ఒక కారణం ఉంది. అది అప్పటికి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

అంతకుముందు ఏడాది జనవరిలో ఒక పొద్దున నిద్ర లేచేసరికి పైకప్పు మీద మంచు కురుస్తోంది. కిటికీ దగ్గరికెళ్ళి చూస్తే బయట కురవడం లేదు. వెనక్కి తిరిగితే బీరువా మీద కురుస్తోంది. వెనకటి టీవీల్లో ప్రసారాలు అయిపోయాక చుక్కల వాన వచ్చేది చూడండి, అదే. గోడ మీద, బఠాణీ సూపు మీద, వొబ్బె బట్టతల మీద, అన్నిటి మీదా, ఆగకుండా. కళ్ళు మూసుకున్నా కురుస్తుంది. దీపం వంక చూసి తల తిప్పితే ఆ దీపం నాతోపాటు వంటింట్లోకి వచ్చి రొట్టె మీద కూర్చుంటుంది. తెల్లటి ఆకాశం వంక చూస్తే దోమల గుంపు.

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పాను. కటకాలు, కిరణాలు, కంటిపాప, అన్నీ నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఆ బొమ్మకే జబ్బు చేసింది.

కంటి డాక్టరు అక్షరాల అట్ట చదవమన్నాడు. అట్టడుగు వరుస చదివాను. దాని కింద చీమ తలంత అక్షరాల్లో ఉన్న అచ్చాఫీసు పేరు కూడా చదివాను. ఆయన మురిసిపోయాడు. ఈ వయసులో ఇలాంటి కళ్ళు చూడలేదన్నాడు. మంచు సంగతేమిటని అడిగితే, ఈ కళ్ళతో మంచు కూడా చక్కగానే కనబడుతుంది అన్నట్టు చూశాడు. తరువాత పట్నం ఆసుపత్రిలో నన్ను గొట్టంలోకి తోసి, గంటసేపు సుత్తి దెబ్బలు వినిపించి, తలకాయ ఫోటోలు తీశారు. నరాల డాక్టరమ్మ ఆ ఫోటోలు చూపించి, మెదడు చాలా శుభ్రంగా ఉందంది. ఈ మధ్య జీవితంలో ఏదైనా జరిగిందా అని అడిగింది. భార్య పోయిందని చెప్పాను. ఆవిడ ముఖంలో ఎంత ఊరట కనబడిందంటే, పాపం, నాకే సంతోషమేసింది. మూడేళ్ళుగా ఎవరికీ పనికిరాని ఇమ్క్య చావు ఆ డాక్టరమ్మకి అక్కరకొచ్చింది. దిగులు కావచ్చు, నడవండి, కాఫీ తగ్గించండి అని రాసిచ్చింది.

నడుస్తూనే ఉన్నాను. కాఫీ మాత్రం తగ్గించలేదు.

కళ్ళద్దాల కొట్టువాడు తేనె రంగు అద్దాలు ఇచ్చాడు. పెట్టుకుంటే ముసలి దొంగలా ఉంటాను. మంచు పోలేదు గాని తేనె రంగుకి మారింది. అదీ మేలే. ముదురు రంగు రై రొట్టె మీద మంచు దాదాపు తెలియదు. పొగమంచు పట్టిన రోజున నాకూ మిగతా ఊరికీ చూపులో తేడా ఉండదు. ఇంకో మేలు కూడా ఉంది, కాస్త సిగ్గుగా చెబుతున్నాను: చుక్కల వానలో ఇమ్క్య ఫోటో కదులుతుంది. గట్టిగా చూస్తే పెదవి కొద్దిగా వంకర పోతుంది, నా మీద విసుక్కోబోతున్నట్టు.

బంగాళాదుంప తరువాత, ఏప్రిల్ మొదట్లో కాఫీ హోటల్లో సంఘం సమావేశమైంది. గుడ్ల వేట అయ్యాక మా సంఘానికి అసలు పని మొదలవుతుంది. మే నెలలో రైతులు గడ్డి కోస్తారు. కోతలోపు ఎవరికి అప్పగించిన పొలంలో వాళ్ళు తిరిగి, గూళ్ళు ఎక్కడున్నాయో చూసి, ఒక్కోదానికి అటూ ఇటూ రెండు వెదురు కర్రలు పాతాలి. రైతు ఆ కర్రల చుట్టూ గడ్డి వదిలి కోస్తాడు. కర్ర లేని గూడు కోత యంత్రం కిందికి పోతుంది. బౌక్య వాళ్ళ అయిదు మడులు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నావి. నావీ, ఇమ్క్యవీ. ఆమె బూడిద కూడా అక్కడి కాలవ గట్టునే ఉంది. ఆ సంగతి పంచాయతీకి తెలియదు.

వొబ్బె రెండో కాఫీ తెప్పించాడు. అంటే చెడ్డ కబురన్నమాట. బౌక్య మడులు వేరేవాళ్ళకి ఇద్దామనుకుంటున్నారట, నేను కావాలంటే వాళ్ళ వెనకాల నడవొచ్చట. ఇక దాచి లాభం లేదని మంచు సంగతి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. డాక్టర్లేమన్నారని వొబ్బె అడిగాడు. అన్నీ బాగున్నాయన్నారని చెప్పాను.

"మరి బాగున్నట్టేగా?"

"కాదురా."

"మెదడు ఫోటో తీశారా?"

"తీశారు. శుభ్రంగా ఉందన్నారు."

"ఆ ఫోటో ఎందుకు, బడిలో నీ పక్కన కూర్చున్నవాణ్ణి నన్నడిగితే చెప్పేవాణ్ణిగా, లోపల ఏమీ లేదని."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక బల్ల చుట్టూ ఉన్న ముఖాలు చూస్తే అర్థమైంది: జాలి ఉంది, నమ్మకం లేదు. కాలు విరిగి కట్టు కట్టుకుని వచ్చి ఉంటే నా బదులు వాళ్ళే అయిదు మడులూ తిరిగేవాళ్ళు. చూపించడానికి నా దగ్గర కట్టు లేదు. చివరికి వొబ్బె, పాత స్నేహం కొద్దీ, ఒక మాట ఇచ్చాడు. ఈ కోత దాకా మడులు నావే. కోతలో ఒక్క గూడు పోయినా నేను దిగిపోవాలి.

ఆ నెలంతా తిరిగాను. కాలవలు దాటడానికి మాకు పొడుగాటి కర్ర ఉంటుంది, నీళ్ళ మధ్యలో పొడిచి ఒక్క ఊపుతో అవతలికి దూకుతాం. అవతలి గట్టు చుక్కల్లో కదులుతూ ఉంటే ఎక్కడ దిగాలో తెలియదు. మూడుసార్లు గట్టు మీద దిగాను, రెండుసార్లు నీళ్ళలో. రెండోసారి నడుం లోతులో నిలబడి ఉండగా ఒక ఆవు వచ్చి, నమలడం ఆపి మరీ చూసింది. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, ఆ ఆవు.

నేల వంక చూస్తే నాకు లాభం లేదని మొదటి వారంలోనే తెలిసింది. నేలంతా గుడ్లే. అందుకని నేలని వదిలేసి పిట్టల్ని చూశాను. అది ఇమ్క్య పద్ధతి. ఏ పిట్ట ఎక్కడ లేచింది, ఎక్కడ అరిచింది, ఏది నన్ను చూసి కుంటుతూ దొంగనాటకం ఆడింది, అన్నీ చూసుకుంటూ వెళ్ళి, చివర్లో నాలుగు కాళ్ళ మీద పాకి చేత్తో దాదాపు తడిమినంత దగ్గరగా వెళ్ళి, నాలుగు తీతువు గూళ్ళు పట్టాను. కర్రలు పాతాను.

అయిదోది దొరకలేదు. అది తీతువుది కాదు, పొడుగుముక్కు ఉల్లంకిది. ఎత్తు గడ్డిలో గూడు పెట్టి, చుట్టూ ఉన్న గడ్డిపోచల్ని నెత్తి మీదికి లాక్కుని కప్పు వేసుకునే పిట్ట. దిగేది ఒకచోట, గడ్డిలో నడుచుకుంటూ పోయి కూర్చునేది ఇంకోచోట. చివరి మడిలో, నీరు నిలిచే మూల, ఒక జంట రోజూ నా నెత్తి మీద తిరిగి తిట్టేది. ఆ మూల దాటితే ఊరుకునేది. మళ్ళీ అడుగు పెడితే తిట్టేది. గూడు అక్కడుందని ఆ తిట్లే చెబుతున్నాయి. మూడు పొద్దులు పాకాను. కనబడలేదు.

మే ఏడున ఎండ కాసింది, మర్నాటి నుంచి వారం రోజులు వానలన్నారు. గడ్డి పొడిగా ఉండగానే కొయ్యాలి గనక ఆ మధ్యాహ్నమే కోత అని బౌక్య కబురు పెట్టింది. పదకొండింటికి వొబ్బె సంఘం కొన్న కొత్త డ్రోను తీసుకొచ్చాడు. దానికి వేడిని పట్టే కెమెరా ఉంది, గడ్డిలో పిట్ట కూర్చుంటే తెల్లచుక్కలా తెలుస్తుంది. కోడిపెట్ట అంత గర్వంగా దాన్ని ఎగరేశాడు. నేను కర్రలు పాతిన నాలుగు గూళ్ళూ అందులో కనబడ్డాయి. వొబ్బె నా వీపు తట్టాడు. నీరు నిలిచే మూల మీద రెండు చుట్లు తిప్పాడు. తెర అంతా బూడిద రంగు.

"ఏమీ లేదురా. అంతా బాగానే ఉంది."

ఆ మాట నాకు కొత్త కాదు. గత పదహారు నెలల్లో తెల్లకోటు వేసుకున్నవాళ్ళు ఇద్దరు నాతో అన్నారు.

ఇంత ఎండలో నేలే వేడెక్కి ఉంటుంది, గడ్డి కప్పు కింద దాక్కున్న పిట్టకీ నేలకీ తేడా కెమెరాకి తెలియదు, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఎగరేయాలి అని చెప్పాను. సరైన భౌతికశాస్త్రమే. కాని బంగాళాదుంప కనిపెట్టినవాడి భౌతికశాస్త్రం ఎవరు వింటారు. రేపు ఎగరేద్దామంటే వాన. వొబ్బె డ్రోనుని పెట్టెలో పెట్టుకుంటూ, మనసు గట్టిగా కోరుకుంటే లేనివి కూడా కనబడతాయి గోసే, అన్నాడు. దయగానే అన్నాడు. అదే బాధ.

అప్పుడు ఒక పాడు ఆలోచన వచ్చిన మాట దాచను. నా చేతిలో ఇంకా రెండు కర్రలున్నాయి. ఆ మూల ఎక్కడో ఒకచోట పాతి, ఇదిగో గూడు అంటే, వొబ్బె ఎత్తు గడ్డిలోకి వచ్చి వెతకడు. అతని మోకాళ్ళు పాకనివ్వవు. పరువు దక్కుతుంది, మడులు దక్కుతాయి. కాని బౌక్య ఆ కర్రల చుట్టూ వదిలి మిగతాదంతా కోస్తుంది. గూడు పది అడుగుల అవతల ఉంటే, దాన్ని నా చేత్తో నేను చంపినట్టే. కర్రలు చంకలో పెట్టుకుని నిలబడ్డాను.

ట్రాక్టరు వచ్చింది. బౌక్య దిగింది. నలభై అయిదేళ్ళ మనిషి, తండ్రి పోయాక పొలమంతా తనే నడుపుతోంది. మా బడిలోనే చదివింది. నా తరగతిలో ఆఖరి వరుస.

"ఎన్ని, మాస్టారు?" అని అడిగింది.

నాలుగింటికి కర్రలున్నాయని చెప్పాను. అయిదోది ఆ మూల ఉందన్నాను.

"ఎక్కడ?"

"చూపించలేనమ్మాయ్. నాకు కనబడలేదు. కాని ఉంది."

డ్రోనులో ఏమీ లేదని వొబ్బె అందించాడు. మాస్టారి కళ్ళ సంగతి నీకు తెలుసుగా అన్నాడు. డాక్టర్లు ఏమీ లేదన్నారనీ, పాపం ఇమ్క్య పోయిన దగ్గర్నుంచీ ఇలాగే ఉన్నాడనీ చెప్పాడు. నా ఎదుటే నా రోగ చరిత్ర అంతా చెప్పాడు. ఆసుపత్రి కంటే బాగానే చెప్పాడు.

బౌక్య ఆ మూల వంక చూసింది. ఉల్లంకి లేచి మా ముగ్గుర్నీ తిడుతోంది.

"మాస్టారు, మీకు గుర్తుందా?" అంది. "పద్నాలుగేళ్ళప్పుడు మీతో చెప్పాను, కాగితం మీద అంకెలు ఈదుతున్నాయని. పట్నం నుంచి ఎవరో వచ్చి పరీక్షలు పెట్టారు. కళ్ళు బాగున్నాయి, తెలివి బాగుందన్నారు. ఆ కాగితం మా అమ్మకి చదివి వినిపించింది మీరే."

గుర్తుంది. దాని కింద నా చేతిరాతతో ఏం రాశానో కూడా గుర్తుంది: ప్రయత్నిస్తే చెయ్యగలదు, ప్రయత్నించదు.

"ఇప్పటికీ ఈదుతాయి," అంది. "ఆవుల చెవుల నంబర్లు మా ఆయన చదువుతాడు. నేను వాటి మొహాలు గుర్తుపడతాను."

తప్పు నాదేనని, అప్పుడు నమ్మాల్సిందని అన్నాను.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆలస్యం. హోంవర్కు రెండు రోజులు ఆలస్యమైతేనే మీరు సున్నా వేసేవారు." తరువాత చేతులు తుడుచుకుని అడిగింది, "ఎంత వదలమంటారు?"

ఎంతో చెప్పలేక, ఆ గేటు గుంజ దగ్గర్నుంచి కాలవ వంపు దాకా చెయ్యి ఊపాను. అర మడి. చలికాలమంతా నాలుగు ఆవులు తినే మేత. వొబ్బె ఈల వేశాడు. అంత గడ్డి వదిలేస్తావా, కంటికి కనబడని గుడ్డు కోసం, దుంప మాస్టారి మాట నమ్మి, అన్నాడు.

"నమ్మానని కాదు వొబ్బె మావా," అంది బౌక్య ట్రాక్టరు ఎక్కుతూ. "నమ్మకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

సాయంత్రం దాకా కోసింది. నేను గట్టు మీద, ఇమ్క్య పక్కన, కూర్చుని చూశాను. మడి అంతా గుండు చేసిన తలలా తయారైంది. మూలన మాత్రం ఒక పిలక. ఊళ్ళో వాళ్ళు ఆ దారిన సైకిళ్ళ మీద పోతూ ఆగి చూశారు. రెండు రోజుల్లో దానికి పేరు పెట్టేశారు: బంగాళాదుంప తోట.

వారం వాన కురిసింది. ఆ వారం నేను పొలానికి వెళ్ళలేదు. వాన వల్ల కాదు, భయం వల్ల. అక్కడ గూడు లేకపోతే మడులు పోవడం ఒక ఎత్తు. బౌక్య మొహం ఎలా చూడాలన్నది ఇంకో ఎత్తు.

మే ఇరవైన పొద్దున బౌక్య ఫోను చేసి రమ్మంది. ఎందుకో చెప్పలేదు. వెళ్ళేసరికి వొబ్బె అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని. ముగ్గురం కంచె పట్టుకుని నిలబడ్డాం. పిలక గడ్డిలోంచి ముందు ఉల్లంకి వచ్చింది, పొడుగు కాళ్ళ మీద, అత్తగారిలా అటూ ఇటూ చూసుకుంటూ. దాని వెనక కోసిన గడ్డి మీదికి నూలు ఉండల్లాంటివి దొర్లుకుంటూ వచ్చాయి.

వొబ్బె సంఘం నోటుపుస్తకం తీశాడు. పెన్సిలు మొన నాలికతో తడిపాడు.

"ఎన్నిరా?" అన్నాడు నాతో. బౌక్యని కాదు, డ్రోనుని కాదు, నన్నడిగాడు.

"నాలుగు," అన్నాను.

"మూడు, మాస్టారు," అంది బౌక్య.

మళ్ళీ చూశాను. తేనె రంగు అద్దాలు తీసి తుడిచి చూశాను. చుక్కల వానలో అన్నీ కదులుతున్నాయి, పిల్లలూ, గడ్డీ, గాలీ. మూడే అయ్యుంటాయి.

"మూడు వేసుకో," అన్నాను. "నాలుగోది నా సొంతం."

వొబ్బె రాశాడు. బౌక్య మడులు, చివరి మూల, ఉల్లంకి, పిల్లలు మూడు. కనిపెట్టినవారు అన్న గడిలో నా పేరు పూర్తిగా, నత్తలా నెమ్మదిగా, బడిలో రాసినంత జాగ్రత్తగా రాశాడు. పుస్తకం మూసి లోపలి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"వచ్చే మార్చిలో ఈ మడుల్లో తొలి గుడ్డు కనబడితే నాకు ఫోను చెయ్యి," అన్నాడు. "ముందు గోటితో గీరి చూడు. తొక్క ఊడిందా, చెయ్యకు."